తత్తర పటేల్ అనని మాటలు

ఒక నవ్వు నా గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. ఏళ్లు గడిచాయి. మింగలేను, కక్కలేను. మీరు నా ముఖం ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

నేను పత్రికకు బొమ్మల కథలు వేసేవాణ్ణి. నదికి అటూ ఇటూ ఉన్న ప్రతి తెలుగింట్లో ఆదివారం నా బొమ్మ చూశాకే పొయ్యి మీద చాయ్ పెట్టేవారు. మంత్రులు కత్తిరించి దాచుకునేవారు... ఆగండి. ఏ మంత్రీ దాచుకోలేదు. చిన్న పత్రిక. లోపలి పేజీ అడుగున, విత్తనాల ప్రకటన పక్కన, మూడు గడుల బొమ్మ. అంతే. అబద్ధం నా చేతికి కుంచెకన్నా ముందు అందుతుంది. అసలు సంగతీ అదే.

బొమ్మలో మనిషి పేరు తత్తర పటేల్. నత్తి పడవవాడు. 'బండ' అనే మాట పూర్తయ్యేలోపు పడవ బండకు గుద్దుకుంటుంది. జనం పడీపడీ నవ్వారు. ఆ దొప్పచెవులు, తలకు చుట్టిన ఆ తువ్వాలు, నన్ను వరసకు బావా అని పిలిచే మా గట్టయ్యవి. మహారాష్ట్ర అంచున, మా సిరోంచ రేవులో ప్రాణహిత మీద పడవ నడిపేవాడు. వంతెన లేని రోజులు. నేను వేసిన బొమ్మ అతని పడవలోనే అవతలికి వెళ్లేది. అచ్చయిన పత్రికల కట్ట అతని పడవలోనే ఇవతలికి వచ్చేది. తన మీది వెక్కిరింపును తానే తెడ్డు వేసి తెచ్చేవాడు.

గట్టయ్య ఇంట్లో మాట తెలుగు, బడి మరాఠీ. మా దగ్గర చాలామంది అంతే: తెలుగులో పోట్లాడతారు, మరాఠీలో సంతకం పెడతారు. తెలుగు అక్షరం అతనికి కొక్కిరిబిక్కిరి గీత. కానీ బొమ్మను గుర్తుపట్టాడు. తడిచేతుల్తో పత్రిక పట్టుకొచ్చాడు. అతని నత్తి ఇక్కడ రాయను. అప్పుడు రాసింది చాలు.

"బావా, గిది నేనే గద?"

"నువ్వే."

"గిండ్ల నేనేమంటున్న? జర చదువు."

ముఖం వెలిగిపోతోంది. నేను నోటికొచ్చింది చదివాను. పడవెక్కిన షావుకారు పొగరుగా వాగితే పటేల్ ఒక్క మాటతో నోరు మూయించాడని.

"మస్తు చెప్పిన గద బావా! షావుకారి మూతి సూడు, ఎట్ల ముడుసుకున్నడో!"

జాలితో అన్నానా? చాలాకాలం అలాగే చెప్పుకున్నాను. కాదు. నిజం తెలిస్తే బొమ్మ ఆపమంటాడని భయం. రాజును గీసినా నా చేతికి గట్టయ్య చెవులే వచ్చేవి. అవి పోతే నేనెవణ్ణి?

ప్రతి ఆదివారం వచ్చాడు. ప్రతి ఆదివారం చదివాను. రేవులో "ఏం తత్తర పటేల్" అని జనం ఎగతాళి చేస్తే, మెచ్చుకోలనుకుని మీసం దువ్వుకునేవాడు. అతని తమ్ముడే ఒకసారి ఉన్నమాట చెప్పబోతే, "మా బావ మీద నీకు కడుపుమంట" అని ఆ తమ్ముడితో మాటలు మానేశాడు. ఇప్పటికీ మాటల్లేవు.

వంతెన వచ్చింది. పడవ ఒడ్డున బోర్లాపడింది. పత్రిక మూతపడింది. తప్పించుకున్నాననుకున్నాను. ఎక్కడ? ఇప్పుడు గట్టయ్యకు పని లేదు. పాత కత్తిరింపులు సంచిలో వేసుకుని సాయంత్రం మా అరుగు మీదికొస్తాడు. చదవమంటాడు. నేను కల్పించినవి నాకు గుర్తుండవు. అతను ఒక్కటీ మరవలేదు. "గది కాదు బావా, ముందుగాల వేరే చెప్పినవ్. కండ్లు మసకొచ్చినయా ఏంది?" అంటాడు. తర్వాత తనే అందుకుని పటేల్ మాటలన్నీ చెబుతాడు. చిత్రమేమిటంటే, ఆ మాటలు చెప్పేటప్పుడు మాత్రం అతనికి నత్తి రాదు. ఒక్కచోటా తడబడడు.

నిజం చెబితే ఆ నాలుగు మాటలూ అతని నోట్లోంచి లాక్కున్నవాణ్ణవుతాను. చెప్పకపోతే ఆ అన్నదమ్ములు అలాగే పోతారు. నేను నా అరుగు మీదే ఖైదీని. దారి ఉందా? ఉంటే ఇన్నేళ్లలో కనబడేది కదా?

ఇదంతా కూడా అతను చదవలేని అక్షరాల్లోనే రాశాను. చూశారా, ఈ ముసలినక్క ఎక్కడ దాక్కుందో! అయినా గొంతులో ముల్లు కాస్త కదిలింది. ఈసారి ఉన్నదే రాశాను, ఒక్క మాటా కల్పించలేదు.

ఇందులో బొమ్మ లేదు. నేను ఉన్నదున్నట్టు చదివి వినిపిస్తే తప్ప, ఇది తన గురించేనని గట్టయ్యకు తెలియదు.