అడుగుకు అంగుళం చొప్పున చేతబడి

చేతబడి చేశాడన్న పేరు తెచ్చుకోవాలంటే మామూలుగా కొంత శ్రమ పడాలి. ఎవరి మీదనైనా పగ ఉండాలి, మంత్రాలు రావాలి, శ్మశానం అంటే భయం ఉండకూడదు. నాకు ఈ మూడూ లేవు. నాకున్నవి ఒక మెకానికల్ డిప్లొమా, ఒక రేకు కత్తెర, ఒక అడుగుబద్ద. వీటితోనే ఒక్క వారంలో ఎమ్మిగనూరంతా నా పేరు మారుమోగేట్టు చేసుకున్నాను. ఎలాగో చెబుతాను. మీరు ధారాళంగా నవ్వుకోవచ్చు. నాకైతే నవ్వు రావడానికి మూడేళ్లు పట్టింది.

కాకినాడలో చదువు ముగించి ఆదోనిలో ఒక పత్తి మిల్లుకు ఇంజన్లు చూసుకునే ఉద్యోగం మీద వచ్చాను. మిల్లు వెనకే గది. గదిలో మంచం, కిరసనాయిలు స్టవ్వు, కిటికీ. కిటికీలోంచి చూస్తే పత్తి బేళ్లు, వాటి వెనక ఇంకొన్ని పత్తి బేళ్లు. మనుషులు చాలా మంచివాళ్ళు. కానీ నా గోదావరి మాట వాళ్లకు నాటకంలో పాత్ర మాట్లాడినట్టు ఉండేది. వాళ్ళ మాట నాకు సగమే అందేది. రాత్రి హోటల్లో సర్వరు "ఇంకేమన్నా కావల్నాప్పా?" అని అడిగేవాడు. ఆ ఊళ్ళో నన్ను ప్రశ్న అడిగేవాడు అతనొక్కడే. ఆ ప్రశ్న మళ్ళీ వినడం కోసం ఆకలి లేకపోయినా రెండోసారి సాంబారు పోయించుకునేవాణ్ణి.

ఇటువంటి పరిస్థితిలో కొందరు పేకాట నేర్చుకుంటారు, కొందరు పెళ్లి చేసుకుంటారు. నేను రేకుతో కార్లు చెయ్యడం మొదలుపెట్టాను. ఆషామాషీ బొమ్మలు కావు. అసలు కారుకు అడుగుంటే నా కారుకు అంగుళం, అంతే. వనస్పతి డబ్బా రేకు బాడీకి, మిల్లులో పారేసిన దారపు రీళ్ళు చక్రాలకు, సైకిలు పుల్లలు ఇరుసులకు. తలుపులు తెరుచుకునేవి. తెరిచి చూసేవాళ్ళే లేరు.

అప్పుడు పంపాపతప్పగారు దొరికారు. ఆయన ఎమ్మిగనూరులో చెనిక్కాయల వ్యాపారి; మా వైపు వేరుశనగలంటాం. ఆయనకో పాత అమెరికా కారు ఉంది. ఆ కారు ఒకసారి మా మిల్లు గేటు ముందు ఆగిపోతే నేను కార్బురేటరు విప్పి శుభ్రం చేసి ఇచ్చాను. "ఆదివారం మా ఇంటికి రాప్పా, రొట్టె తిని పోదువు" అన్నారాయన. మర్యాదకు అన్నారో, నిజంగానే అన్నారో నేను విచారించలేదు. ఆ ఆదివారం పోయాను, ఆపైన ప్రతి ఆదివారమూ పోయాను. ఆయన భార్య గౌరమ్మగారు వేడివేడి జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి పెట్టేవారు. తిన్నాక ఆయనా నేనూ కారు ఫుట్‌బోర్డు మీద కూర్చుని సాయంత్రం దాకా ఇంజను సంగతులు మాట్లాడుకునేవాళ్ళం. వారంలో తక్కిన రోజులు నేను ఆ ఆదివారం కోసమే బతికేవాణ్ణి అంటే అతిశయోక్తి కాదు.

అంత ఉపకారికి ఏదైనా ఇవ్వాలి కదా! ఆయన కారునే నమూనాగా చేసి ఇద్దామనుకున్నాను. అంతటితో ఆగితే నేను మీకు కథ చెప్పే అవసరం వచ్చేది కాదు. పాత కాగితాల అంగట్లో ఒక అమెరికా పత్రిక కంటబడింది. అక్కడి కుర్రాళ్ళు పాత కార్లను కొని, పైకప్పు కోసి కిందికి దించి, మడ్‌గార్డులు పీకేసి, వెనక పెద్ద చక్రాలు తగిలించి, బానెట్ మీద అగ్నిజ్వాలలు వేసి, గాలి కంటే వేగంగా తోలతారట. ఫోటోలు కూడా ఉన్నాయి. నాకు ఒళ్ళు పులకరించింది. పంపాపతప్పగారి కారును కూడా అలాగే తయారు చేస్తే ఆయన ఎంత మురిసిపోతారో!

మూడు నెలలు చేశాను. సరిగ్గా ఆయన కారే, నంబరు ప్లేటుతో సహా. పైకప్పు కోశాను. మడ్‌గార్డులు తీసేశాను. నల్ల రంగు వేసి, మూతి మీద ఎర్రటి మంటలు దిద్దాను. ఇక ఆదివారం తొలి బస్సుకే ఎమ్మిగనూరు పోయాను. ఇంట్లో ఎవరూ లేరు, ఉరుకుంద గుడికి పోయారని పక్కింటివాళ్ళు చెప్పారు. మధ్యాహ్నం మిల్లులో ఇంజను విప్పే పని ఉంది, ఉండలేను. రంగు గీసుకుపోకుండా నల్లగుడ్డలో చుట్టి తెచ్చిన కారును గేటు దగ్గర పెట్టాను. పేరు రాయలేదు. ఇంత పనితనం చూశాక ఎవరు చేశారో ఆయనకు తెలియదా అని నా ధీమా.

ఆ రోజు అమావాస్య అన్న సంగతి నాకు తెలియదు. డిప్లొమాలో పంచాంగం లేదు.

తరువాతి ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెచ్చుకుంటే ఎలా సిగ్గుపడాలో కూడా ఆలోచించుకుని పోయాను. పంపాపతప్పగారి కారుకు ముందొక బూడిద గుమ్మడికాయ, వెనకొక బూడిద గుమ్మడికాయ వేలాడుతున్నాయి. దాని చుట్టూ ముగ్గు. పక్కన ఒక గంప బోర్లించి, దాని మీద రాయి పెట్టి ఉంది. డ్రైవరు హుసేను కర్ర పట్టుకుని కాపలా ఉన్నాడు.

"మంచి టయానికి వచ్చినావప్పా ఇంజనీరూ," అన్నారు పంపాపతప్పగారు. మనిషి సగమైపోయారు. "మా ఇంటికి ఎవుడో సేతబడి సేసినాడు."

నాకు నిజంగానే కోపం వచ్చింది. "అయ్యో! ఎవడండీ ఆ దుర్మార్గుడు?"

"తెలిస్తే ఇడుస్తానా? పోయిన అమాస దినం మేము ఉరుకుందకు పోయి వచ్చేసరికి గేటు కాడ పెట్టి పోయినాడు. నల్లగుడ్డలో సుట్టి."

నల్లగుడ్డ అన్న మాటకు నా చూపు గంప మీదికి పోయింది. "లోపల... ఏమున్నాయండీ?"

గౌరమ్మగారు గడపలోంచే వేళ్ళు మడిచారు. "ఏముండాయా? గుండుసూదులుండాయి. మనిషి ఎంటికెలుండాయి. పసిబిడ్డ నల్లగాజుండాది. ఇంత నిమ్మకాయ ఉండాది!"

"అచ్చం మా కారే అప్పా," అన్నారాయన. "నంబరు గూడా మాదే. పైన కోసేసినాడు, మడ్‌గార్డులు పీకేసినాడు, మూతికి మంట పెట్టినాడు. అంటే ఏమి? నా తలకాయ తెగల్ల, కాళ్ళు ఇరగల్ల, కాలి బూడిదైపోవల్ల! మేము గేటు కాడికి వచ్చేసరికి బండి టక్కన నిలబడిపోయింది."

"అది వారం వారం నిలబడుతూనే ఉంటుంది కదండీ?"

"అన్ని దినాలు ఊరికే నిలబడేది. ఆ పొద్దు సేతబడికి నిలబడింది."

నేను నోరు మూసుకుని ఉంటే సాయంత్రం వాళ్ళు ఆ గంప కింది వస్తువును తుంగభద్రలో పారేసి వచ్చేవాళ్ళు, నా ఆదివారాలు నాకు మిగిలేవి. నోరు మూసుకున్నాను కూడా. కానీ హుసేను ఊరుకోలేదు. కర్రతో గంప పైకెత్తి చూసి తుపుక్కున ఉమ్మాడు.

"సేసినోడు సేతగానోడు సామీ. ఎనక చక్రాలు పెద్దవి, ముందరివి సిన్నవి. కొలత దెల్దు నా కొడుక్కి!"

మూడు నెలల్లో నా పని గురించి ఒక మనిషి వెలిబుచ్చిన మొట్టమొదటి అభిప్రాయం అది.

"కొలత తెలియకపోవడమేమిటయ్యా!" అని అరిచాను. "వెనక చక్రాలు పెద్దవిగానే ఉండాలి! అది అమెరికా పద్ధతి! అడుగుకు అంగుళం, ఎక్కడైనా తేడా వస్తే నా చెవి కోసుకుంటాను!"

హుసేను కర్ర నా వైపు తిరిగింది.

"ఆ ఎంటికెలు?" అని అడిగారు గౌరమ్మగారు నెమ్మదిగా.

"నావేనండీ. కారు సీట్లలో గుర్రపు వెంట్రుకలు కూరుతారు. బొమ్మ చిన్నది కాబట్టి సన్నవి కావాలి. అందుకని క్షవరమప్పుడు దాచాను."

"గాజు?"

"స్టీరింగండీ."

"సూదులు?"

"రేడియేటరు జల్లెడ."

"నిమ్మకాయ?"

"కొత్త బండి చక్రం కింద పెడతారు కదండీ, శుభమని. కొలతకు సరిపోయేంత చిన్న నిమ్మకాయ దొరకలేదు. అదొక్కటే లోపం."

పంపాపతప్పగారు ముందు నోరు తెరిచారు, తరువాత ఫుట్‌బోర్డు మీద కూలబడ్డారు, తరువాత కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. నవ్వు ఆగాక నా వైపు చూసి, "ఇదంతా నా కోసరం సేసినావా?" అన్నారు. "మూడు నెలలా! ఆడ నీకు మాట్లాడేకి ఎవురూ లేరాప్పా?"

సాంబారు సంగతి చెప్పడం బాగుండదని ఊరుకున్నాను.

గౌరమ్మగారు లోపలికి పోయి తలుపు వేసుకున్నారు. ఆ రోజు రొట్టె రాలేదు. ఆయనే నాతో బస్టాండు దాకా నడిచి వచ్చారు. "నువ్వు మంచోడివి, నాకు తెలుసు. మా ఆడోళ్ళకు బయం పట్టుకున్యాది. కొన్ని దినాలు ఈ పక్కకు రావద్దులే."

"కొన్ని అంటే ఎన్ని దినాలండీ?"

ఆయన నా భుజం తట్టారు. "నేను సెప్పి పంపిస్తాలే."

ఇంకా పంపలేదు.

మరుసటి ఆదివారం నా గది తలుపు ఎవరో తట్టారు. ఆదోనికి వచ్చాక అదే మొదటిసారి. పరుగెత్తి తీశాను. తలపాగాతో ఒక పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. నందవరం నుంచి వచ్చాడట.

"ఎమ్మిగనూర్లో కారు బొమ్మ సేసిన సామి నువ్వేనా?"

నా పనితనం నందవరం దాకా పాకింది! ఆయనను కుర్చీలో కూర్చోబెట్టాను. టీ కాచాను. గూట్లోని కార్లన్నీ దించి, తలుపులు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి చూపించాను. ఒక్కదాన్నీ ముట్టుకోకుండా, చేతులు కట్టుకుని, ఎంతో భక్తితో చూశాడు. నా జన్మ ధన్యమైంది.

"సామీ," అన్నాడు చివరికి గొంతు తగ్గించి, "మా దాయాదికి ఒక లారీ ఉండాది."

"లారీయా! ఇంతవరకూ లారీ చెయ్యలేదు! ఏ మోడలు?"

"మోడలు నాకు దెల్దు సామీ. పైకప్పు కోస్తే సాలు."

ఆయనకు నచ్చజెప్పి పంపేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. తరువాత కోసిగి నుంచి ఇద్దరు వచ్చారు, ఒకరికి పక్కపొలం వాడి ఆయిల్ ఇంజను మీద, ఇంకొకరికి మామగారి జట్కా మీద పగ. ఎవరి పనీ చెయ్యలేదని ఒట్టు వేసి చెప్పగలను. అందరికీ టీ ఇచ్చానని, పోతామంటే ఇంకో గ్లాసు పోసి కూర్చోబెట్టానని కూడా ఒప్పుకోవాలి.

కాబట్టి పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీద పరాయివాడి బండికి నమూనా చెయ్యను. చేస్తే నా సొంత బండికే చేస్తాను. నాకు సైకిలు కూడా లేదు కనుక ఈ ప్రమాణానికి ఢోకా లేదు. ఆదివారాలు గడవడమే కష్టంగా ఉంది.