దొర చిన్నాయన మొక్కుబడి

మొన్న మా మనవడు ఫోనులో ఏదో పరదేశపు పందెం చూపించాడు. గుండ్రటి మట్టిబాటలో మోటారు సైకిళ్ళు ఎడమకి ఒరిగి దుమ్ము రేపుకుంటూ పోతున్నాయి. వాడు ఈలలు వేస్తున్నాడు, నేను కొంగుతో కళ్ళు ఒత్తుకున్నాను. అలాంటి పందేలు ఆడిన మనిషి మా ఇంటి అల్లుడని వాడికేం తెలుసు!

ఆయన మా చిన్నమ్మ భర్త, ఇంగ్లండు మనిషి. పడుచుతనంలో అక్కడ బొగ్గుబూడిద పరిచిన బాటల మీద పందేలాడి, కప్పులు గెలిచి, ఎడమకాలు విరగ్గొట్టుకున్నాడు. యుద్ధకాలంలో పటాలం లారీలు బాగుచేయడానికి మన దేశం వచ్చాడు. తక్కిన దొరలంతా ఓడలెక్కినా, ఆయన మాత్రం చర్చిలో పాటలు పాడే మా చిన్నమ్మని పెళ్ళాడి వేంపల్లెలో బస్సుల మెకానిక్‌గా స్థిరపడిపోయాడు. "ఏమప్పా, శానా ఎండగా ఉండాది" అని దారినపోయేవాళ్ళని పలకరిస్తుంటే, "ఈడ పుట్టాల్సినోడు, దారి తప్పి ఆడ పుట్టినాడు" అని మా అవ్వ మురిసిపోయేది. ఆయనకొక మోటారు సైకిలు ఉండేది. పందెపు బండ్లకి మల్లే దానికి బ్రేకులు లేవు. "బ్రేకుంటే మనసంతా దాని మీదనే ఉంటాది" అనేవాడు. ఊళ్ళో ఇంకెవరికీ దాన్ని నడిపే గుండె లేదు.

ఏళ్ళు గడిచినా చిన్నమ్మకి పిల్లలు కలగలేదు. ఒక ఆదివారం చర్చిలో అందరి ముందూ లేచి, దేవుడు బిడ్డనిస్తే మాకు ప్రాణమైనది వదులుకుంటామని మొక్కుకుంది. చిన్నాయన పక్కనే నిలబడి, "ఇయ్యాల్టి నుంచే బండి ముట్టను" అన్నాడు. ఎదురింటి రెడ్డి దాన్ని కొని, నడపడం రాకపోయినా రోజూ తుడిపించి పశువుల కొట్టంలో పెట్టుకున్నాడు. ఆ ఏడే చిన్నమ్మ నీళ్ళోసుకుంది. ఇక ఆ మొక్కుని శంకించేవాళ్ళెవరు?

నొప్పులు మొదలయ్యాక బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది. డాక్టరమ్మ ఉండేది పులివెందులలో. పొద్దుటి బస్సు వెళ్ళిపోయింది. రెడ్డి తానే బండి తోసుకుంటూ వచ్చి, "ఎక్కు దొరా, మొక్కు సంగతి మళ్ళ జూసుకుందాం" అన్నాడు. చిన్నాయన హ్యాండిల్ పట్టుకున్నాడు. లోపలి నుంచి చిన్నమ్మ అరిచింది: "వద్దు! నువ్వు ముడితే దేవుడు బిడ్డను తీసుకుంటాడు." అవ్వ కూడా ఆయన చేతులు పట్టుకుని ఏడ్చింది. ఆయన హ్యాండిల్ వదిలేసి, ఎద్దులబండి కట్టుకుని పోయాడు.

డాక్టరమ్మని తీసుకుని వచ్చేసరికి నడిరాత్రి దాటిపోయింది. తల్లీ లేదు, బిడ్డా లేదు.

మట్టి చేసిన మర్నాడు చిన్నాయన ఎవరినీ అడక్కుండా రెడ్డి కొట్టంలోంచి బండి తీశాడు. ఎండిన పాపాఘ్ని ఏటి ఇసకలో, విరిగిన కాలు నేలకి రాస్తూ, ఎడమకి ఒరిగి, గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాడు. ఊరంతా గట్టున నిలబడి ఏడ్చింది. ఆపమని అడిగే నోరు మాకెవరికీ లేదు. పెట్రోలు అయిపోయాక, బండి పక్కన కూలబడి, "దీని మీద పోయింటే బతికేది గదప్పా" అని రెడ్డిని పట్టుకుని పసివాడిలా ఏడ్చాడు.

అప్పుడు నేను తల్లిలాంటి మనిషి పోయిందని ఏడ్చాను. ఇన్నేళ్ళకి నేను ముసలిదాన్నయ్యాను గానీ చిన్నమ్మకి వయసు పెరగలేదు; ఇప్పుడు ఆమెని తలుచుకుంటే, కడుపున పుట్టిన కూతురు పోయినట్టు ఏడుపొస్తోంది.