ఐదు వేళ్ళూ కనబడాలి

మా వదినను ఒకసారి విమానం ఎక్కనివ్వలేదు. ఒళ్ళో ఉన్న మూడు నెలల బిడ్డ కాలికి పిండికట్టు ఉందని, ఆ కాలు చాపుకోవడానికి ఇంకో రెండు సీట్లు కొనాలని గేటు దగ్గరి మనిషి అన్నాడు. అసలు ఆ బిడ్డకు సీటే లేదు. తల్లి ఒడిలో కూర్చునే టికెట్టు దానిది.

ఆ మనిషి నీలం టై కట్టుకున్నాడు. జేబు మీద పేరు బిళ్ళ ఉండే ఉంటుంది, నేను చూడలేదు. టై మీద ఎండిన టీ మరక మాత్రం ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది.

"రూలమ్మా. కాలికి కట్టు ఉంటే మొత్తం మూడు సీట్లు తీసుకోవాలి. పైగా కట్టు వేసి రెండు రోజులు దాటాలి."

"ఈ పొద్దున్నే వేశారు బాబూ."

"అయితే రెండు రకాలుగానూ కుదరదు."

వదిన మెడలోని కొలత టేపు తీసి బిడ్డ కాలి మీద తొడ నుంచి మడమ దాకా పరిచి చూపించింది. "తొమ్మిదంగుళాలు. మీరే చూడండి. దీన్ని ఎక్కడికని చాపుతుంది?"

"కంప్యూటరు అంగుళాలు అడగదమ్మా. కట్టు ఉందా లేదా, అంతే అడుగుతుంది."

వెనక వరుసలో వాళ్ళు నాలుకలు చప్పరించారు. ఒకాయన తన చక్రాల పెట్టెను నా పాదం మీదుగా తోసుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ టికెట్టు తీసింది నేనే. పొట్లం కట్టిన కాగితాన్ని కూడా వదలకుండా చదువుతాడని ఇంట్లో నాకు పేరు. 'షరతులన్నీ చదివాను, ఒప్పుకుంటున్నాను' అన్న చోట మాత్రం ఒక్క ముక్క చదవకుండా వేలితో నొక్కేశాను. ఆ షరతుల్లో పదిహేడోది పిండికట్టు గురించే. గేటు మూసేశాక కుర్చీలో కూర్చుని మొత్తం చదివాను. బాగా రాశారు, తప్పు పట్టడానికి ఏమీ లేదు.

మా వదిన యూనిఫాములు కుట్టే షెడ్డులో పని చేస్తుంది. ఆస్పత్రి కోట్లు, కాపలావాళ్ళ చొక్కాలు, వంటవాళ్ళ ఏప్రాన్లు. పదహారో ఏట మిషను ముందు కూర్చుంది, ఇంకా లేవలేదు. మెడలో టేపు తియ్యడం మరిచిపోయి బజారుకు వెళ్తుంది, పేరంటాలకు వెళ్తుంది. షెడ్డులో అందరూ ఆమెను టేపక్క అంటారు. పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకునే మాట్లాడుతుంది కాబట్టి మాటలు తక్కువ. ఉన్నవాటికి కూడా మొనలుంటాయి.

బిడ్డ కుడి పాదం లోపలికి మెలి తిరిగి పుట్టింది. అరికాలు ఆకాశం చూస్తున్నట్టు ఉండేది. మా అన్న లారీ దిగి వచ్చి, చూసి, "మా వైపు ఎవరికీ ఇట్లా లేదే" అన్నాడు. తండ్రిగా అతను బిడ్డ గురించి అన్న మొదటి మాట అదే. తర్వాత, "నూనె రాసి పిసికితే అదే సర్దుకుంటుందిలే" అని చెప్పి పడుకున్నాడు. అతను నా తోడబుట్టినవాడని ఇక్కడ రాసుకోవడం నాకేమీ గొప్పగా లేదు.

"కుట్టు వంకరపోతే విప్పి కుడతాం. దాని మీద నూనె రాస్తామా?" అంది వదిన.

పాదాన్ని కోయకుండా, వారానికి ఒకసారి కొద్దికొద్దిగా తిప్పి కట్టు వేస్తూ సరిచేసే డాక్టరమ్మ ఒకావిడ వేరే ఊళ్ళో ఉంది. ఆరు కట్లు పడాలి. ఆవిడ చెప్పినవి రెండే ముక్కలు. ఒక్క వారం కూడా తప్పకూడదు. కట్టు చివర ఐదు వేళ్ళూ ఎప్పుడూ కనబడుతుండాలి. వేళ్ళు లోపలికి పోయాయంటే కట్టు జారిందని, పాదం మళ్ళీ మొదటికి తిరుగుతోందని అర్థం. బస్సులో ఆ ఊరు ముప్పై గంటలు. షెడ్డులో సెలవు వారానికి ఒక్క రోజు. పొద్దున వెళ్ళి సాయంత్రం తిరిగి రావడానికి ఉన్నది ఆ చవక విమానం ఒక్కటే. బిడ్డ కాలు నిలబడటం, నిలబడకపోవడం ఆ విమానం చేతిలో ఉంది. ఆ విమానం నీలం టై చేతిలో ఉంది.

ఆ రోజు బస్సులోనే వచ్చాం. కిటికీ అద్దం మూసుకోలేదు, కట్టు ఇంకా పచ్చిగా ఉంది, బిడ్డ తడిపేసింది. రెండో పూటకు బొటనవేలు లోపలికి పోయింది. ఇంటికి చేరేసరికి చిటికెన వేలు ఒక్కటే కనబడుతోంది. పక్క వీధి కాంపౌండరు చూసి, "వేళ్ళు ఎక్కడికి పోతాయమ్మా, లోపలే ఉంటాయి" అని నవ్వాడు. వారం తిరిగాక డాక్టరమ్మ కట్టు కోస్తే మడమ దగ్గర చర్మం ఒరుసుకుని ఎర్రగా ఉంది. పాదం ఎక్కడ మొదలైందో అక్కడికే వచ్చింది. "ఇది లెక్కలోకి రాదు. ఈ రోజుది మొదటిదనుకో" అందావిడ.

ఆ రెండోసారి వదిన సిద్ధమయ్యే వెళ్ళింది. కోట్ల గుడ్డలో మిగిలిన ఆకుపచ్చ ముక్కలతో ఒక తొడుగు కుట్టింది. నడుము నుంచి కింది దాకా బాగా వెడల్పుగా, రెండు కాళ్ళూ దూర్చేటట్టు, మధ్యలో దూది పెట్టి. పై నుంచి చూస్తే లోపల కాలుందో దిండుందో తెలియదు. కుడి కాలి చివర మాత్రం రూపాయి బిళ్ళంత మూత, దానికి నొక్కుడు గుండీ. గుండీ తీస్తే ఐదు వేళ్ళు కనబడతాయి. తన బిడ్డ కాలును తానే దొంగ సరుకులాగా దాచి దాటించింది. అట్లా నాలుగు వారాలు.

ఐదో కట్టుకు మళ్ళీ నేను తోడు వెళ్ళాను. పోయేటప్పుడు విమానంలో ఎవరిదో పాత సాంబారు వాసన, దాని మీద ఎవరో కొట్టిన సెంటు. ముందు సీటు వెనక బల్ల తెరిస్తే ఎవరి జుట్టో అంటుకుని ఉంది. బిడ్డ పాలు కక్కింది. గుడ్డ అడిగితే విమానం అమ్మాయి కాగితపు రుమాళ్ళ పొట్లం తెచ్చి, "ఇది కొనుక్కోవాలండీ" అంది. వదిన తన పైట కొంగుతో తుడిచేసుకుంది. పక్క సీటాయన బూట్లు విప్పేసి, మేజోళ్ళ కాళ్ళు మా వైపు చాపి, మమ్మల్ని చూసి ముక్కు మూసుకున్నాడు.

"ఇంత పసిదాన్ని విమానాల్లో తిప్పడం అవసరమా అమ్మా?"

"నడవడం రాదు కదండీ" అంది వదిన.

ఆయన ముక్కు మీది చెయ్యి తీసేశాడు. కాళ్ళు మాత్రం తియ్యలేదు.

సాయంత్రం తిరుగు ప్రయాణంలో గేటు దగ్గర అదే నీలం టై. మరక పోయింది, టై అదే. వదిన బిడ్డను భుజాన వేసుకుని టికెట్టు చాపింది. అతను మా ముఖాలు చూడలేదు. వాళ్ళు చూడరు కూడా. తొడుగు చూశాడు.

"భలే ఉందే ఇది. ఎక్కడ కొన్నారు?"

"నేనే కుట్టాను."

"ఈ మూత ఎందుకు?" అని వేలు పెట్టబోయాడు.

వదిన మెల్లగా ఒక అడుగు వెనక్కి వేసింది. "గాలి ఆడటానికి. పిల్లలకు అరికాళ్ళు చెమట పడతాయి. మీకు పిల్లలా?"

"నెల కూడా నిండలేదు. పాప." అతని ముఖం ఒక్కసారిగా మనిషి ముఖం అయింది. నాకు అదే ఎక్కువ ఏవగింపు పుట్టించింది. "మాకొకటి కుట్టి పెడతారా? మా ఆవిడ సంతోషపడుతుంది."

"కాలు ఎంత పొడవుంది?"

అతను చేతులతో గాలిలో చూపించాడు. వదిన మెడలోని టేపు తీసి ఆ రెండు చేతుల మధ్య పట్టింది. "ఏడున్నర. వచ్చే వారం తెస్తాను" అంది. ముందు అదే టేపుతో చూపించిన తొమ్మిదంగుళాలు అతనికి గుర్తు రాలేదు. వరుసను ఆపి, మమ్మల్ని అందరికన్నా ముందు పంపించాడు.

విమానం లేచేదాకా ఆగి అడిగాను. "నిజంగా కుడతావా వాడికి?"

"గుండీ తీసి వేళ్ళు చూడు" అంది. చూశాను. ఐదూ ఉన్నాయి.

కుట్టింది. మా బిడ్డదాని కన్నా మంచి గుడ్డతో, చుట్టూ పసుపు అంచు వేసి, మూతతో సహా కుట్టింది. ఆరో కట్టుకు వెళ్ళినప్పుడు ఆమే తీసుకెళ్ళి అతని చేతిలో పెట్టింది. అతను థాంక్స్ చెప్పాడట. నేను ఆ వారం తోడు వెళ్ళలేదు. ఆ తర్వాత ఏడాది పైగా వాళ్ళింటికే వెళ్ళలేదు. అవమానాన్ని మింగిన మనుషుల గురించి చదివినవన్నీ నా బుర్రలో ఉన్నాయి. వాళ్ళెవరూ అవమానించినవాడికి పసుపు అంచు వేసి ఇవ్వలేదు.

మొన్న ఏదో పని మీద అటు వెళ్తూ షెడ్డులో తొంగి చూశాను. వదిన మిషను మీదే ఉంది, నోట్లో సూదులు. ఎప్పటిలా కుశలం అడగకుండా నేరుగా ఆ మాటే అడిగాను. "ఒకటే అడుగుతాను వదినా. వాడికి ఎట్లా కుట్టబుద్ధయింది నీకు? అసహ్యం వెయ్యలేదా?"

ఆమె సూదులు ఒక్కొక్కటే తీసి దిండుకు గుచ్చింది. ఎనిమిదున్నాయి. తొందరపడలేదు.

"ఎందుకు వెయ్యదు మరిదీ? అంచు కుట్టినంతసేపూ వేసింది. కానీ అప్పటికి ఇంకో కట్టు మిగిలుంది. గేటు దగ్గర వాడే ఉంటాడు. నీ కోపం కోసం నేను మళ్ళీ బస్సెక్కాలా?" అంది. నా వెనక ఏదో చూసి సగం లేచింది. "ఆ మాటలు తర్వాతగానీ, ముందు దాన్ని పట్టుకో. గుండీల డబ్బా దాకా నడిచేసింది, నోట్లో పెట్టుకుంటుంది."