ప్రార్థన అంశం

బందరు చర్చి వరండాలో గురువారం మధ్యాహ్నాలు జరిగే స్త్రీల సమాజానికి రాహేలమ్మే పెద్ద. నశ్యం అంటిన బొటనవేలిని నాలుకతో తడిపి బైబిలు పేజీలు తిప్పుతుంది. వాటి మూలలన్నీ గోధుమరంగు తేలి అట్టలు కట్టాయి. ఎవరి కష్టం విన్నా ఆమెకు ఇట్టే కన్నీళ్లొస్తాయి. ఆ కన్నీళ్లను నమ్మి, కిందటి ఆదివారం సమాజంలోని సలోమి, మొగుడు తాగొచ్చి కొడుతున్నాడని ఆమె చెవిలో చెప్పుకుంది. "నా కడుపులోనే ఉంటుందమ్మా," అంది రాహేలమ్మ.

ఈ గురువారం బైబిలులోని యాకోబు పత్రికలో, నాలుకను అదుపులో పెట్టుకోమనే అధ్యాయం చదివారు. చదవడం అయ్యాక రాహేలమ్మ సలోమి చెయ్యి పట్టుకుని కళ్లు మూసుకుంది. "ప్రభువా, తాగుబోతు మొగుడి చేత దెబ్బలు తింటున్న ఈ సలోమిని కనికరించు. దీని వీపుమీద వాతలు చూడు తండ్రీ."

పన్నెండుమంది ఆడవాళ్లు కళ్లు తెరిచి సలోమి వీపు వంక చూశారు. రాహేలమ్మ చెమట చెయ్యి సలోమి వేళ్లను ఇంకా పట్టుకునే ఉంది.

"ఇక నువ్వు చెయ్యమ్మా ప్రార్థన," అంది రాహేలమ్మ ముక్కు చీదుతూ.

సలోమి చెయ్యి విడిపించుకుని చీరకు తుడుచుకుంది. కళ్లు మాత్రం మూసుకోలేదు.

"ప్రభువా, ఈ సంగతి నేను రాహేలమ్మగారికి ఒక్కరికే చెప్పాను. ఆమెన్."