చప్పట్ల బాబాయి

మా బాబాయి ఉద్యోగం చప్పట్లు కొట్టడం. నవ్వకండి, జీతం తీసుకునే కొడతాడు. సినిమావాళ్లు పోటీపడి వంట చేసే టీవీ షోలో, ప్రేక్షకుల ముందు వరసలో నడిమి కుర్చీ ఆయనది. ఫ్లోర్ మేనేజర్ చెయ్యెత్తగానే బాబాయి మొదలుపెడతాడు, వెనకున్న జనమంతా అందుకుంటారు. ఇల్లంతా ఆ రెండు చేతుల మీదే నడుస్తోంది.

ఇంట్లో మాత్రం ఆ చేతులు లేవవు.

"ఆ హీరోయినమ్మ మాడబెట్టినదానికి అరచేతులు వాచేలా కొడతారు. నేనేం పాపం చేశాను?" అంటుంది పిన్ని.

"డ్యూటీ దిగాక కొట్టనే" అంటాడు, మూడోసారి వడ్డించుకుంటూ.

ఒకసారి పిన్ని కూడా షూటింగుకి వెళ్లింది. ఆరోజు ఆమ్లెట్ పోటీ. తిరగేస్తుంటే హీరోయిన్ ఆమ్లెట్ జారి నేల మీద పడింది. అటూ ఇటూ చూసి, టక్కున తీసి, కొత్తిమీర చల్లి జడ్జీలకి పెట్టేసింది. మేనేజర్ చెయ్యెత్తాడు. బాబాయి కొట్టాడు.

తర్వాత విలన్ వేషాలేసే ముసలాయన వంతు. ఆయనదీ నేలపాలైంది. ఖాళీ పళ్లెం పట్టుకుని జడ్జీల ముందు నిలబడ్డాడు.

"కింద పడిందండీ. మీకెలా పెట్టను?"

మేనేజర్ పెదాల మీద వేలు పెట్టాడు. సైగ లేకుండా కొడితే ఉద్యోగం ఊడుతుందని ముందే చెప్పి ఉన్నాడు. బాబాయి చేతులు తొడల కింద దాచుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఏమండీ, ఊరుకోండి" పిన్ని మోచెయ్యి లాగింది.

బాబాయి ఊరుకోలేదు. ఒక్కడే కొట్టాడు. ఎందుకో తెలీకుండానే, అలవాటుకొద్దీ వెనకవాళ్లంతా అందుకున్నారు. జన్మంతా సినిమాల్లో తన్నులు తిన్న ఆ ముసలాయన, చప్పట్లు తనకేనా అని వెనక్కి తిరిగి చూసుకున్నాడు.

"ఏమయ్యా, నేను చెయ్యెత్తానా?" మేనేజర్ ఊగిపోయాడు. "రేపట్నించి రాకు!"

ఇంటికొచ్చాక పిన్ని, బాబాయి ముందు ఖాళీ పళ్లెం ఠపీమని పెట్టింది.

"దీనికేగా కొట్టారు? తినండి."

బాబాయి పళ్లెం చూశాడు, పిన్నిని చూశాడు, చప్పట్లు మొదలుపెట్టాడు.

"డ్యూటీ లేదుగా ఇప్పుడు!" అంది పిన్ని, నవ్వాపుకోలేక.

"అందుకేనే. ఇవి నా సొంతం."

తర్వాతి షూటింగులో మేనేజర్ చెయ్యెత్తి, అలాగే నిలబడిపోయాడట. ఎవరు ముందు కొడతారా అని జనం ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. సాయంత్రానికల్లా బాబాయికి కబురొచ్చింది. కాకపోతే శిక్షగా కుర్చీ ఆఖరి వరసలో వేశారు.

ఇప్పుడు ఆ షోలో చప్పట్లు వెనకనించి మొదలై ముందుకొస్తున్నాయి.