మా అమ్మాయి చేతి పట్టీ

మార్టూరులో రాళ్ళ మీద అక్షరాలు చెక్కడం నా పని. శంకుస్థాపన ఫలకాలు, గుళ్ళో దాతల పేర్లు, సమాధి రాళ్ళు, ఎవరేది తెచ్చినా చెక్కుతాను. ఇన్నేళ్ళలో నేను చెక్కిన వాటిలో అన్నిటికంటే చిన్నది మా అమ్మాయి చేతికి ఉంది. రెండు వేళ్ళ వెడల్పు స్టీలు రేకు. దాని మీద ఏం రాయాలో తేల్చుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది.

మా అమ్మాయికి పదకొండో ఏట షుగర్ వచ్చింది. ఆ వయసులో వచ్చే షుగర్‌కి మాత్రలు పనిచేయవు, రోజూ ఇన్సులిన్ పొడుచుకోవాల్సిందే. ఆ సంగతి మేం ఎవరికీ చెప్పలేదు. పెళ్ళిళ్ళకి వెళ్తే భోజనాలకి ముందు మా ఆవిడ పిల్లని ఏదో ఒక గదిలోకి తీసుకెళ్ళి తలుపేసేది. బంధువులు అడిగితే లంగా సర్దుతున్నానని చెప్పేది. దాచమన్నది నేనే. అందరూ జాలిపడితే పిల్ల చిన్నబుచ్చుకుంటుందనుకున్నాను. నిజానికి చిన్నబుచ్చుకున్నది నేను.

తొమ్మిదో తరగతిలో స్కూలు ఆటల పోటీల్లో ఎవరో రాలేదని దాన్ని పరుగులో నిలబెట్టారట. మొదటొచ్చి ఇంటికొచ్చింది. నేను ఇంక వద్దన్నాను. మర్నాడే గుంటూరులో మేం చూపించే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళి, మీరైనా వద్దని చెప్పండని అడిగాను. ఆవిడ నాతో కాకుండా పిల్లతోనే మాట్లాడింది. ఎంత తినాలి, పరుగున్న రోజు ఇన్సులిన్ ఎంత తగ్గించాలి, గ్లూకోజ్ పొట్లం ఎప్పుడూ వెంట ఎందుకుండాలి, అన్నీ చెప్పింది. చివర్లో నా వైపు తిరిగి, "పరిగెత్తనివ్వండి" అంది.

అప్పటి నుంచి పరిగెత్తుతూనే ఉంది. ఇప్పుడు డిగ్రీ రెండో ఏడు, అయిదు వేల మీటర్లు దాని పందెం. పొద్దున్నే ఇంట్లోంచి బయల్దేరి పొలాల మధ్య తారు రోడ్డు మీద వెళ్ళి వస్తుంది. ఒక పక్క పత్తి, ఒక పక్క మిరప.

పోయిన మిరపకోతల కాలంలో ఒక రోజు అది రోజూ వెళ్ళే దూరం కంటే ఎక్కువ వెళ్ళింది. ఆ రోజే గ్లూకోజ్ పొట్లం ఇంట్లో మర్చిపోయింది. తిరిగొచ్చేటప్పుడు కాళ్ళు తేలిపోయినట్టయి, మిరపకాయలు ఎండబోసిన కల్లం పక్కన పడిపోయింది. కోతకొచ్చిన ఆడవాళ్ళు చూసి పరిగెత్తుకొచ్చారు. తర్వాత వాళ్ళు చెప్పిందే నేను చెబుతున్నాను. ఒకావిడ ఫిట్సనుకుని చేతిలో తాళాలు పెట్టింది. ఇంకొకావిడ నోట్లో నీళ్ళు పోయబోతే, వాళ్ళలో పెద్దావిడ ఆపి పిల్లని పక్కకి తిప్పి పడుకోబెట్టింది. జేబులో ఫోను తీశారు. అది లాక్ అయి ఉంది. ఎవరి పిల్లో తెలీదు, ఏ ఊరో తెలీదు. ఎవరో అంబులెన్సుకి ఫోన్ చేసి, ఎండలేని వేళ ఎండదెబ్బ తగిలిందని చెప్పారట.

రావాల్సిన వేళకి పిల్ల రాలేదని మా ఆవిడ అప్పుడే ఫోన్ చేసింది. పెద్దావిడ ఎత్తింది.

"ఎవరమ్మా? ఈ ఫోను పిల్ల ఇక్కడ పడిపోయుంది."

"నేను వాళ్ళమ్మని. పలుకుతుందా?"

"పలుకుతుంది గానీ మాట తేలట్లా. ఒళ్ళంతా చెమట."

"దానికి షుగర్ పడిపోయిందమ్మా. తియ్యగా ఏమన్నా ఉందా మీ దగ్గర?"

"ఫ్లాస్కులో టీ ఉంది."

"మింగగలుగుతుందేమో చూసి, కూచోబెట్టి కొంచెం కొంచెం తాగించండి. మీకు పుణ్యముంటుంది."

నేను బండి వేసుకుని వెళ్ళేసరికి మా అమ్మాయి ఆ పెద్దావిడ భుజానికి ఆనుకుని కూచునుంది. జుట్టులో మిరపగింజలు. నన్ను చూసి, "ఎనిమిది కిలోమీటర్లు దాటాను నాన్నా" అంది. అంబులెన్సు వచ్చేదాకా దాని జుట్టులోంచి గింజలు ఏరుతూ కూచున్నాను.

ఆ వారమే గుంటూరు వెళ్ళాం. డాక్టరమ్మ అంతా విని, "ఫోన్ ఆ నిమిషానికి మోగింది కాబట్టి సరిపోయింది. ప్రతిసారీ మోగదండీ. చేతికి ఒక పట్టీ ఉండాలి" అంది. పేరు, జబ్బు, వాడే మందు, ఏదైనా మందు పడకపోతే ఆ మందు పేరు, రెండు ఫోన్ నంబర్లు ఉంటే చాలంది.

"బ్లడ్ గ్రూపు?" అన్నాను. మోటారు సైకిళ్ళ వాళ్ళు అదే రాయించుకుంటారు మరి.

"అది చూసి మేమెవరం రక్తం ఎక్కించం. మళ్ళీ పరీక్ష చేస్తాం. ఆ చోటు ఇంకోదానికి వాడుకోండి."

బయటికొచ్చాక నేను మా అమ్మాయితో, "మెళ్ళో గొలుసుకి బిళ్ళలా చేస్తాను, చొక్కా లోపల ఉంటుంది" అన్నాను.

"పరిగెత్తేటప్పుడు ఎగిరి మూతికి తగుల్తది. అయినా లోపలుంటే ఎవరికి కనబడుద్ది నాన్నా?"

"అందరికీ కనబడాలా?"

"కనబడకపోతే ఎందుకు?"

బస్సు చిలకలూరిపేట దాటింది. తర్వాత, "ఇన్నేళ్ళూ గదుల్లో పొడుచుకున్నాను. ఇంక గదుల్లోకి పోను" అంది. కోపంగా కాదు, రేపు పొద్దున ఎన్నింటికి లేస్తానో చెప్పినట్టు చెప్పింది.

ఆన్‌లైన్లో అలాంటి పట్టీలు దొరుకుతాయి, అన్నీ ఇంగ్లీషు. మా అమ్మాయి ఒప్పుకోలేదు. తనని లేపింది మిరపకోతకొచ్చినవాళ్ళు, వాళ్ళకి ఇంగ్లీషు ఎక్కడొచ్చని అడిగింది. అందుకని ముందువైపు తెలుగు, వెనకవైపు డాక్టర్ల కోసం ఇంగ్లీషు అని తేల్చాం. గుడ్డపట్టీకి రేకు ఒక పక్కే కుట్టి, తిరగేసి చూసేలా చేద్దామన్నాను. రాయి మీద చెక్కక ముందు కుర్రతనంలో నేను స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టేవాణ్ణి. ఆ మిషను ఇంకా నా దగ్గరుంది.

తెలుగు అక్షరానికి చోటెక్కువ కావాలి. కింద ఒత్తులు, పైన గుడులు. ఇంగ్లీషు అయిదు వరసలు పట్టే చోట తెలుగు నాలుగే పడతాయి. నేను కాగితం మీద రేకంత గడి గీసి రాయడం మొదలుపెట్టాను. మొదట "మధుమేహ రోగి" అని రాశాను. మా ఆవిడ చూసి, ఆ మాట కల్లంలో ఎవరికి తెలుసంది. "షుగర్ పేషెంటు" అని మార్చాను. మా అమ్మాయి పెన్ను తీసుకుని పేషెంటు కొట్టేసింది.

"నేను పేషెంటును కాదు నాన్నా. నాకు షుగర్ ఉంది, అంతే."

"షుగర్ ఉంది" అని రాశాను. ఒత్తు ఒక్కటీ లేదు, రేకుకి కూడా బాగుంది. స్పృహ తప్పితే అనే మాట పెడదామంటే ఆ రెండు మాటల ఒత్తులకే కింద వరస చోటు పోయేట్టుంది. తెలివి లేకపోతే అని రాస్తే మా అమ్మాయి నవ్వింది. కాలేజీలో చదివి వినిపిస్తారంది.

ఫోన్ నంబర్ల దగ్గర నాకూ మా ఆవిడకీ వాదం. ఇంటి పెద్దని, నాదే ముందుండాలన్నాను. మా ఆవిడ ఏమీ అనకుండా, నేను పనిలో ఉన్నప్పుడు నా ఫోనుకి నాలుగు సార్లు చేసి చూపించింది. రాయి కోసే మిషన్ల మోతలో ఒక్కటి కూడా నాకు వినబడలేదు. ఆవిడది ముందు పెట్టాను.

అంతా సరిపోయిందనుకున్నాక, మా ఆవిడ చేసిన సున్నుండలు పట్టుకుని ఆ పెద్దావిడ పని చేస్తున్న చేనికి వెళ్ళాను. కాగితం కూడా తీసుకెళ్ళాను. వాళ్ళలో ఏడో తరగతి దాకా చదివిన ఒకావిడ గట్టిగా చదివింది. షుగర్ ఉంది, ఇన్సులిన్, 108.

"ఇది చేతికున్న పిల్ల మళ్ళీ పడిపోయిందనుకోండి. ఏం చేస్తారు?" అని అడిగాను.

పెద్దావిడ ఆలోచించకుండానే చెప్పింది. "షుగరని రాశారు కదయ్యా. తీపి దగ్గరికి రానీయం."

"మొన్న టీ తాగించారు కదమ్మా?"

"మొన్న వాళ్ళమ్మ చెప్పింది గాబట్టి. మా ఆయనకీ షుగరే. డాక్టరు చక్కెర ముట్టొద్దన్నాడు. షుగరోళ్ళకి తీపి పెడితే చస్తారనే కదా మాకు తెలుసు."

ఆ రేకు అలాగే చెక్కి ఇచ్చుంటే, నా అక్షరాలు చదివినవాళ్ళే నా బిడ్డకి తీపి అందకుండా చేసుండేవాళ్ళు. గట్టు మీదే కూచున్నాను. షుగర్ ఎక్కువైతే ఒకలా ఉంటుందనీ, ఇన్సులిన్ వేసుకుని పరిగెత్తితే పడిపోవడం ఇంకోలా ఉంటుందనీ, ఒళ్ళు చెమటలు పట్టి తూలుతుంటే తీపే మందనీ నాకొచ్చినట్టు చెప్పాను. వాళ్ళు పని ఆపి విన్నారు.

"అయితే అదే రాయి. తూలితే తీపి అని" అంది పెద్దావిడ.

"మాట లేకుండా పడుంటే మాత్రం నోట్లో ఏమీ పెట్టకూడదమ్మా. గొంతుకడ్డం పడుద్ది."

"పలక్కపోతే నోట్లో ఏమీ వద్దని రాయి. ఇంతకంటే ఏముంది?"

అంతకంటే ఏమీ లేదు. ఎందరో పెద్దవాళ్ళు రాసిచ్చిన మాటలు రాళ్ళ మీద చెక్కాను. ఆ రెండు మాటలంత సూటిగా ఎవరూ రాసివ్వలేదు. ఆ సాయంత్రమే చెక్కాను. పేరు. షుగర్ ఉంది, ఇన్సులిన్. తూలితే తీపి. పలక్కపోతే నోట్లో ఏమీ వద్దు, 108. ఒత్తులున్న చోట వరస కొంచెం ఎడం చేశాను. తిరగేస్తే ఇంగ్లీషులో జబ్బు పేరూ, మందు పేరూ, పెన్సిలిన్ పడదన్న సంగతీ, రెండు నంబర్లూ. అంచులు గీసుకోవని నా వేలికి తెలిసేదాకా అరగదీశాను.

మా అమ్మాయి చేతికి కట్టుకుని అద్దం ముందు చెయ్యి ఊపి చూసుకుంది. ఆ ఆదివారం మా బావమరిది ఇంట్లో భోజనాలు. విస్తరి ముందు కూచుని, అందరూ చూస్తుండగా పొట్ట మీద ఇన్సులిన్ వేసుకుంది. మా అత్తగారు, "ఏందే అది?" అంది. మా అమ్మాయి చెయ్యి చాపి పట్టీ చదివించింది. ఆవిడ కూడబలుక్కుని చదివి, "ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదేమయ్యా?" అని నన్నడిగింది. నేను తల వంచుకుని అన్నం కలుపుకున్నాను.

తర్వాత నెలలో గుంటూరులో కాలేజీల మధ్య పోటీలు. పందెం మొదలయ్యే గీత దగ్గర ఒక పెద్దాయన పిల్లల్ని వరసలో నిలబెడుతూ మా అమ్మాయి చెయ్యి చూసి, "ఆ గాజు తీసేయమ్మా" అన్నాడు. నేను కంచె పక్కనే ఉన్నాను.

"గాజు కాదు సార్. చదవండి."

ఆయన కళ్ళజోడు సర్దుకుని చదివాడు. పైకే చదివాడు. మిగతా పిల్లలంతా ఇటు తిరిగారు. పాత అలవాటు, నేను నేల చూశాను. మళ్ళీ తలెత్తేసరికి మా అమ్మాయి ఆయన తిరగేసి చదవడానికి చెయ్యి అలాగే చాపి, నిటారుగా నిలబడుంది. దాని మొహంలో సిగ్గన్నది లేదు. అది చూశాక నేను కూడా సరిగ్గా నిలబడ్డాను.

"ఉంచుకోమ్మా" అని ఆయన గీత పక్కనున్న ఒకామెను పిలిచి, "ఈ అమ్మాయి నంబరు గుర్తుపెట్టుకో. గ్లూకోజ్ దగ్గర పెట్టుకో" అన్నాడు.

పన్నెండున్నర చుట్లు. మొదటి ఆరు చుట్లూ మా అమ్మాయి వెనకే ఉంది. ఎనిమిదో చుట్టులో ఇద్దర్ని దాటింది. పదకొండులో ఇంకొకర్ని. మూడోదిగా వచ్చింది, దాని పాత సమయం కంటే పదకొండు సెకన్లు ముందు. గీత దాటాక మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగితే, ఆ గ్లూకోజ్ ఆమె పరిగెత్తుకొచ్చి, "తూలుతున్నావా?" అని అడిగింది. మా అమ్మాయి ఊపిరి తీసుకుంటూ, "లేదండీ, అలిసిపోయాను, అంతే" అని నవ్వింది. అయినా ఒక గుక్క తాగింది.

నాలుగోదిగా వచ్చిన పిల్ల దాచేపల్లి దగ్గర నుంచి వచ్చింది. వాళ్ళ నాన్నకి సిమెంటు ఫ్యాక్టరీలో పని. ఆ పిల్ల మా అమ్మాయి పక్కన కూచుని రేకు తిప్పి తిప్పి చూసింది. తనకి ఉబ్బసం ఉందనీ, కోచ్‌కి కూడా చెప్పలేదనీ, చెబితే జట్టులోంచి తీసేస్తారని భయమనీ మెల్లగా చెప్పింది.

"చెప్పు. నేను చెప్పాను, పరిగెత్తాను, నిన్ను దాటాను కూడా" అంది మా అమ్మాయి. ఆ పిల్ల పకపకా నవ్వింది. ఇద్దరూ వెళ్ళి ఆ పిల్ల కోచ్‌తో చాలాసేపు మాట్లాడారు. తిరిగొచ్చేటప్పుడు ఆ పిల్ల నా దగ్గరికొచ్చి, "నాకూ ఒకటి చేసిస్తారా అంకుల్?" అంది.

సాయంత్రం బస్సులో మా అమ్మాయి కిటికీకి తలానించి కళ్ళు మూసుకుంది. నేను టికెట్టు వెనక రాసుకుంటున్నాను. ఉబ్బసం అంటే ఒత్తు. ఆయాసం అంటే ఒత్తు లేదు, కానీ పరుగు పందెంలో ఆయాసం ఎవరికి రాదు? చూసినవాళ్ళు మామూలే అనుకుని వెళ్ళిపోతారు. కొట్టేశాను. మళ్ళీ రాశాను.

"పీల్చే మందు ఎక్కడుంటుందో రాయి నాన్నా. ముందు అది కావాలి వాళ్ళకి" అంది మా అమ్మాయి కళ్ళు తెరవకుండానే.

ఎక్కడ పెట్టుకుంటావని ఆ పిల్లని నేను అడగలేదు. మా అమ్మాయి ఫోన్ తీసుకుని ఆ పిల్లకి చేసి అడిగాను. కుడి జేబులో అంది. అదే మొదటి వరసగా రాసుకున్నాను.