కట్‌ఓవర్ అంటే ఖతం కాదు

2023 వేసవి. నాచారంలో రాగి తీగల ల్యాండ్‌లైన్లను ఫైబర్‌కు మారుస్తున్న రోజులు. ఒక టెలిఫోన్ కంపెనీ ఉప్పల్ ఆఫీసులో నా ఉద్యోగం. కస్టమర్లకిచ్చే తెలుగు సూచనల కాగితంలో తప్పు మాట పడకుండా చూసుకోవాలి. 'ఇదీ ఒక పనేనా' అని మా ఇంట్లో వెక్కిరింపు. యాదమ్మక్క ముందు కూర్చోబెడితే తెలిసేది వాళ్లకి!

యాదమ్మక్కది నాచారంలో పిండివంటల దుకాణం. పెళ్లి సారెల ఆర్డర్లన్నీ ల్యాండ్‌లైన్‌కే వస్తాయి. ఆ నంబరే బోర్డు మీద, డబ్బాల మీద ఉంటుంది. ఒక పొద్దున ఆమె విసురుగా వచ్చి సెల్‌ఫోన్ నా ముందు పెట్టింది.

"ఏంది మేడం గిది? పెళ్లిళ్ల టైంల నా ఫోన్ కట్ జేస్తరా?"

'ఆదివారం మీ లైన్ కట్‌ఓవర్ అవుతుంది' అని మెసేజ్. పాత లైన్ నుంచి కొత్తదానికి మార్చడాన్ని మా వాళ్లు కట్‌ఓవర్ అంటారు.

"కట్ అంటే కట్. ఓవర్ అంటే ఖతం. ఇంకేముంటది?"

నాకు నవ్వాగలేదు. కానీ అప్పటికే ఆమె ఒక పెళ్లివారికి ఫోన్ చేసి, సారె గరిజెలు ఇంకెక్కడైనా చెప్పుకొమ్మందట. ఆ మెసేజ్ రాసిన మహానుభావుడి మీద ఒళ్లు మండిపోయింది.

"మీ నంబరు మారదక్కా. పాత ఫోనే పనిచేస్తుంది."

"ఎవరు చెప్పిన్రు?"

ఆఫీసులో అందరూ అంటున్నారు, అంతే.

"కూర్చోండక్కా, కనుక్కుంటా."

నంబరు మారదని కంపెనీ ఉత్తర్వులోనే ఉంది. పాత ఫోన్ సంగతి మాత్రం ఎక్కడా లేదు. టెక్నీషియన్ శ్రీనన్న ఆమె ఫోన్‌లాంటిదే ఒకటి వెతికి తెచ్చి, ఇళ్లలో పెట్టే ఫైబర్ పెట్టెకు తగిలించాడు. ట్రింగుమని మోగింది!

"జర కరెంటు తీసి సూద్దాం," అన్నాడు. తీస్తే ఫోన్ మూగబోయింది. పాత లైన్‌కు కరెంటు ఎక్స్‌చేంజీ నుంచే వచ్చేది, ఈ పెట్టెకు ఇంటి కరెంటు కావాలి.

కాగితం మీద అంతా రాశాను. నంబరు మారదు, ఇది కంపెనీ ఉత్తర్వు. పాత ఫోన్ పనిచేస్తుంది, ఇది మేం తగిలించి చూసింది. కరెంటు పోతే పనిచేయదు, బ్యాటరీ పెట్టుకోవాలి, ఇదీ మేం చూసిందే.

యాదమ్మక్క కూడబలుక్కుని చదివింది. "లోటు గూడ రాసినవ్ బిడ్డా. ఇగ నమ్ముత," అంది. అక్కడి నుంచే పెళ్లివారికి ఫోన్ కలిపింది. ఆలోచించి చెప్తామన్నారు వాళ్లు.

ఆదివారం ఆమె దుకాణానికి నేనూ వెళ్లాను. శ్రీనన్న లైన్ మార్చాడు. ముగ్గురం ఆ ఫోన్ వైపే చూస్తూ కూర్చున్నాం. కాసేపటికి మోగింది. రిసీవర్ చెవికి ఆనించుకున్న యాదమ్మక్క ముఖం విప్పారింది. అవతల ఆ పెళ్లివారే.

"గరిజెలా? చేస్త తల్లీ, మస్తుగ చేస్త! ఫోన్ కట్ గాలె, మారింది గంతే!"

ఆమె పెట్టిన గరిజెలు తింటుంటే ప్రాణం లేచొచ్చింది. మర్నాడే మా కాగితాల్లో 'కట్‌ఓవర్' కొట్టేసి 'మారుతుంది' అని రాశాను. ఇప్పటికీ ఎవరు కొత్త వాక్యం తెచ్చినా యాదమ్మక్క గొంతుతోనే అడుగుతాను: "ఎవరు చెప్పిన్రు?"